క కింద వత్తు

ఇందులో ఎవరి తప్పూ లేదు. విచారణ సంఘం వారే ఆ మాట తేల్చి, సంతకాలు పెట్టి, టీ తాగి వెళ్ళారు కాబట్టి మళ్ళీ నేను ఎవరినో వేలెత్తి చూపడం బాగుండదు. వత్తు ఎగిరిపోయింది, అంతే. క కింద ఉండాల్సిన వ వత్తు.

మాది శీతల ప్రాంత పంటల పరిశోధన ఉపకేంద్రం, పులిగుమ్మి. విశాఖపట్నంలో బస్సెక్కి, ఘాట్ రోడ్డులో ఒక్కో మలుపుకీ పొద్దున తిన్న ఇడ్లీలు ఒక్కొక్కటే అప్పజెప్పుకుంటూ, ఇంక ఈ కొండకి చివర లేదురా దేవుడా అనుకుంటుండగా వచ్చే ఊరు. చలికి ఏ పంటలు తట్టుకుంటాయో పరిశోధించడం మా పని. మేం తట్టుకుంటామా లేదా అన్నది పరిశోధన అంశాల్లో లేదు. డిసెంబరులో పొద్దున్నే కొబ్బరినూనె సీసాని పుల్లతో పొడవాలి. కుళాయి తిప్పితే ముందు దగ్గుతుంది, ఆ తర్వాతే నీళ్ళు. ఆఫీసు వెనకే క్వార్టర్సు, రేకుల కప్పు. ఆ రేకులు ఎండని ఆపుతాయి, వానని ఆపుతాయి, చలిని మాత్రం సగౌరవంగా లోపలికి ఆహ్వానిస్తాయి.

స్టాఫ్ అంటే ముగ్గురం. జూనియర్ అసిస్టెంటు సింహాద్రి అనే నేను, అటెండరు కొర్రా సన్యాసి, మా ఇద్దరి మీదా సూపరింటెండెంటు బొడ్డేపల్లి నూకయ్యగారు.

నూకయ్యగారి గురించి ఒక్క మాట చెప్పాలి. ఆయన ఫిబ్రవరి నెలాఖరుకి రిటైరవుతారు. సర్వీసులో చేరిన రోజు నుంచి ఇవాళ్టిదాకా ఆయన మీద ఒక్క మెమో లేదు. మాలాంటి వాళ్ళకి మెమో అంటే జలుబు లాంటిది, వస్తుంది, నాలుగు రోజులుంటుంది, పోతుంది. ఆయనకి అలా కాదు. సర్వీసు రిజిస్టరు తీసి, చివరి పేజీల తెలుపు చూసుకుని మురిసిపోయేవారు. "సింహాద్రీ, నాకు పెద్ద పెద్ద కోరికల్లేవయ్యా. ఒక్క మెమో కూడా లేకుండా ఈ కొండ దిగిపోవాల. అంతే!" అనేవారు. ఆ మాట వారానికి ఒకసారైనా అనేవారు. ఆయనకున్న మరో సమస్య మోకాళ్ళు. చలి మొదలైతే అవి ఆయన మాట వినవు.

నవంబరు చివర్లో ఒక ఉదయం ఆయన కుర్చీలోంచి లేవబోయి, లేవలేక, మళ్ళీ కూర్చున్నారు.

"ఇలాగైతే నా వల్ల కాదయ్యా. రేత్రి కప్పుకోడానికి మందంగా ఏదైనా అడుగుదాం హెడ్డాఫీసుని. ముగ్గురికీ రాయి."

రాయమనడం తేలికే. ఏమని రాయాలి? దుప్పటి అని రాస్తే కుదరదు. దుప్పట్లు ఇచ్చేశారు. రూలు ప్రకారం దుప్పటి ఆయుష్షు పదేళ్ళు, ఈలోగా చిరిగితే చిరుగు ముక్కని కవరులో పెట్టి పంపాలి. రగ్గు అని రాస్తే రగ్గులు ఆసుపత్రులకీ, హాస్టళ్ళకీ, జైళ్ళకీ మాత్రమే. "మనం ఆ మూడిట్లో ఏదీ కాదేటి?" అని నూకయ్యగారు పైకి చూస్తూ అడిగారు. బొంత అని రాస్తే అసలు బొంత అన్న సరుకు ధరల పట్టికలోనే లేదు, బొంత ప్రభుత్వ హోదాకి తగిన వస్తువు కాదని ఎవరో ఎప్పుడో నోటు రాశారట. పట్టికంతా గాలించగా గాలించగా ఒకచోట దొరికింది: "క్విల్ట్, పత్తి కూరినది."

అప్పట్లో మా డైరెక్టరు చక్రపాణిగారికి తెలుగు పాలన మీద మహా ఉత్సాహం పుట్టింది. హెడ్డాఫీసుకి పంపే ప్రతి కాగితం తెలుగు లిపిలోనే ఉండాలన్నారు. ఇంగ్లీషు మాటయినా సరే, తెలుగు అక్షరాల్లో రాస్తే తెలుగైపోతుందని వారి సిద్ధాంతం. కాబట్టి నేను "క్వార్టర్సులో నివసించు సిబ్బందికి క్విల్ట్‌లు" అని చక్కగా తెలుగులో కొట్టి పంపాను. మా కంప్యూటర్లో ఒక ఫాంటు, వాళ్ళ కంప్యూటర్లో ఇంకోటి. ఈ సంగతి తెలుగులో టైపు కొట్టిన ప్రతివాడికీ అనుభవమే. ఇక్కడ కట్టిన వత్తు అక్కడ తెరిచేసరికి ఉండదు. మిగతా వత్తులన్నీ క్షేమంగా కొండ దిగాయి, వ వత్తు ఒక్కటే దారిలో ఎక్కడో రాలిపోయింది. క్వార్టర్సు కాస్తా "కార్టర్సు" అయింది. అందరూ అలాగే పలుకుతారు గనక ఎవరూ పట్టించుకోలేదు. క్విల్ట్ కాస్తా "కిల్ట్" అయింది.

సరైన సరుకైతే మరుసటి చలికాలానికి వచ్చేది. ఇది తప్పు సరుకు కదా, పద్దెనిమిదో రోజుకే బస్సు మీద దిగింది. సన్యాసి మూట విప్పి, చాలాసేపు లోపలికి చూసి, బయటికి వచ్చాడు.

"బావూ, గౌన్లొచ్చినాయి."

"ఎవరివిరా?" అన్నారు నూకయ్యగారు.

"మనయేనంట. ముగ్గురికీ మూడు."

ఎరుపూ ఆకుపచ్చా గళ్ళు. నడుం చుట్టూ పట్టీలు, ముందు చదును, వెనక కుచ్చిళ్ళే కుచ్చిళ్ళు. దాంతోపాటు ముందు వేలాడేసుకోవడానికి బొచ్చుతో చేసిన చిన్న సంచీ ఒకటి. ఒక కాగితం మీద బొమ్మ కూడా ఉంది, మోకాళ్ళు కనిపించేలా గళ్ళ గుడ్డ కట్టిన ఒక దొర తోలు సంచీలోకి ఊదుతున్నాడు. పెరేడ్ బ్యాండు వాళ్ళకి దుస్తులు కుట్టే ఏదో కంపెనీకి ఆర్డరు వెళ్ళిందన్నమాట. నూకయ్యగారు ఆ బొమ్మని కళ్ళజోడు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూశారు.

నేను ఆవేశంగా హెడ్డాఫీసుకి ఫోను కొట్టాను. స్టోర్సు అధికారి ఎంతో శాంతంగా మాట్లాడారు.

"మీ కోరిక పత్రంలో కిల్ట్ అని ఉన్నది. కిల్ట్ సరఫరా చేయడమైనది. రాసేటప్పుడు మీరు మనసులో ఏమనుకున్నారో అది మా పరిధిలోకి రాదండి."

"చలికి కప్పుకోడానికి అడిగామండీ! ఇది మోకాళ్ళ దాకా కూడా రాదు!"

"కోరి తెప్పించుకున్న సరుకు వాడకపోతే అనవసరంగా కోరినట్టు అవుతుంది. ధరించి ఫోటో దిగి, వినియోగ ధ్రువపత్రం పంపండి. లేదంటే కార్యాలయ బాధ్యుల మీద మెమో జారీ చేయక తప్పదు."

ఫోను స్పీకర్లో ఉంది. మెమో అన్న మాట వినగానే నూకయ్యగారు లేచారు. ఆ మోకాళ్ళతో అంత చురుగ్గా లేవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఏదీ, ఇలా తే. ముందెటు, ఎనకెటు?"

అలా మేం కిల్ట్ కట్టాం. ఫోటోకని కట్టాం. కానీ ధ్రువపత్రం కింద చిన్న అక్షరాల్లో "పని దినములలో నిరంతరము ధరించబడుచున్నది" అని ముందే అచ్చయి ఉంది. నూకయ్యగారు అబద్ధం మీద సంతకం పెట్టే మనిషి కాదు. కాబట్టి పని దినాలలో నిరంతరం ధరించడం మొదలుపెట్టాం.

పైన మంకీ క్యాపు, మఫ్లరు, రెండు స్వెట్టర్లు. కింద కిల్ట్. ఆ కింద రెండు మోకాళ్ళు, వాటి మానాన అవి. మా ఆఫీసు కుర్చీలు ఇనపవి. పొద్దున తొమ్మిదింటికి కిల్ట్ కట్టుకుని ఇనప కుర్చీలో మొదటిసారి కూర్చున్నప్పుడు నా నోట వచ్చిన మాట ఇక్కడ రాయలేను. ఆ తర్వాత నుంచీ ముగ్గురం ముందు ఫైళ్ళు పరిచి, వాటి మీద కూర్చునేవాళ్ళం. పాత ఫైళ్ళు వెచ్చగా ఉంటాయని అప్పుడే తెలిసింది. ఎంత పాతబడితే అంత వెచ్చన. గాలి వచ్చిందంటే రెండు చేతులూ కిందికే పోవాలి, అప్పుడు చేతిలో ఏం కాగితం ఉంటే అది ఎగిరిపోతుంది. ఆ వారంలో మిరియాల దిగుబడి వివరాలన్నీ అలా పక్క కొండకి వెళ్ళిపోయాయి.

నూకయ్యగారికి ఉన్నది ఒక్కటే అదనపు మఫ్లరు, మోకాళ్ళేమో రెండు. పొద్దున ఎడమ మోకాలికి, మధ్యాహ్నం కుడి మోకాలికి చుట్టేవారు. "న్యాయం న్యాయమే కదయ్యా" అనేవారు.

సంతరోజు మేం ముగ్గురం బజారుకి వెళితే ఊరు ఊరంతా పనులాపేసింది. పసుపు అమ్మే సుబ్బులమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వాపుకోలేక, "ఏటి బాబూ, ఆడపిల్లలకి పంచిపెట్టీమని గవర్నమెంటు పంపితే మీరే తొడిగీసుకున్నారేటి?" అంది. చలి చూడ్డానికని మైదానం నుంచి వచ్చిన టూరిస్టులు మమ్మల్ని మధ్యలో నిలబెట్టి ఫోటోలు దిగారు. ఒకాయన సన్యాసిని పట్టుకుని ఇది ఏ గిరిజన తెగ వేషమని అడిగాడు. సన్యాసి అసలే గిరిజనుడు. ఎగాదిగా చూసి, "హెడ్డాఫీసు తెగ బాబూ" అన్నాడు.

అయితే నిజం చెప్పాలి. కిల్ట్‌లో సుఖం లేకపోలేదు. బొచ్చు సంచీలో మొదట సన్యాసి చుట్టలు పెట్టుకున్నాడు, తర్వాత నేను వేరుశెనక్కాయలు, చివరికి నూకయ్యగారు ఆఫీసు ముద్ర పెట్టుకున్నారు. ఎవరొచ్చి ముద్ర వెయ్యమన్నా హుందాగా సంచీలోంచి తీసి కొట్టేవారు. ఇక అసలు సుఖం కుంపటి దగ్గర బయటపడింది. ఒక పొద్దున ఆఫీసు వాకిట్లో కుంపటి రాజేస్తే నూకయ్యగారు పొరపాటున కొంచెం దగ్గరగా నిలబడ్డారు. ఒక్క క్షణం ఆగారు. తర్వాత ఒక అడుగు ఇటు, ఒక అడుగు అటు వేసి, కుంపటిని సరిగ్గా మధ్యలోకి తెచ్చుకుని నిలబడ్డారు. కుచ్చిళ్ళ లోపల వేడి చేరి, గుడారంలో నిలిచినట్టు నిలిచిపోయింది. ఆయన కళ్ళు మెల్లగా మూతలు పడ్డాయి.

"సింహాద్రీ..."

"చెప్పండి సార్."

"ప్యాంటుగాళ్ళకి ఈ సుఖం ఏటి తెలుస్తాదయ్యా!"

అప్పట్నుంచి రోజూ తొమ్మిదిన్నరకి కుంపటి హాజరు. వంతులవారీగా నిలబడేవాళ్ళం. మోకాళ్ళ నొప్పి తగ్గిందన్నారు నూకయ్యగారు. ఆయన మొహంలో అంత వెలుగు చూసి నాకూ సంతోషమేసింది. పోనీలే, ఈ రెండు నెలలూ ఇలాగే గడిచిపోతే చాలనుకున్నాను.

డైరెక్టరు చక్రపాణిగారు చెప్పకుండా తనిఖీకి వచ్చింది సరిగ్గా ఆ సమయానికే.

కారు వాకిట్లో ఆగేసరికి వంతు నూకయ్యగారిది. కళ్ళు మూసుకుని కుంపటి మీద నిలబడి ఉన్నారు. నేను "సార్" అన్నాను. కళ్ళు తెరిచారు. ఎదురుగా డైరెక్టరు.

ఇక్కడ చదివేవాళ్ళకి కొత్తగా చెప్పాల్సింది లేదు. మన వైపు లుంగీ గానీ పంచె గానీ మోకాళ్ళ పైకి ఎగ్గట్టుకుని ఉన్నవాడు పెద్దవాళ్ళు ఎదురైతే ఏం చేస్తాడు? ఠక్కున దించుతాడు. ఆలోచించి చేసేది కాదది, కనురెప్ప కొట్టినట్టు చెయ్యే చేసేస్తుంది. నూకయ్యగారి కుడిచెయ్యి కూడా అలాగే నడుం దగ్గరికి పోయింది. ఎగ్గట్టిన మడత కోసం వెతికింది. మడత లేదు. ఎడమచేత్తో వెతికారు. అక్కడా లేదు. రెండు చేతులతో నడుం చుట్టూ తడుముకున్నారు, బొచ్చు సంచీ తగిలింది. దాన్ని ఇంత కిందికి లాగి వదిలారు. చేతులు జోడించి, తల వంచి నమస్కారం పెట్టారు, కానీ కుంపటి మధ్యలో ఉన్నందున ముందుకు రాలేకపోయారు.

డైరెక్టరుగారు స్ట్రాబెర్రీ మడులు చూశారు, బాగున్నాయన్నారు, వెళ్ళిపోయారు. నాలుగో రోజు మెమో వచ్చింది.

"తనిఖీ నిమిత్తము డైరెక్టరు వారు కార్యాలయ ప్రాంగణములోనికి విచ్చేసిన సమయమున, మీరు మోకాలి పైకి ఎగ్గట్టిన కిల్ట్‌ను దించక అటులనే నిలబడియుండుటయే గాక, దించుటకు చేతులతో ఉపక్రమించి మరల విరమించుకొనినట్లు గమనించడమైనది. దించవలెనను జ్ఞానము ఉండియు దించకపోవుటను ఉద్దేశపూర్వకమైన అగౌరవముగా ఎందుకు భావించరాదో సంజాయిషీ ఇవ్వవలెను."

నూకయ్యగారు ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. ఆ రోజు కుంపటి దగ్గరికి రాలేదు. మధ్యాహ్నం క్యారేజీ విప్పలేదు. సన్యాసి కూడా చుట్ట వెలిగించలేదు. ముప్పై ఏళ్ళకి పైగా ఎవరి ముందూ ఒక మాట తూలని మనిషికి, వాళ్ళే కట్టమంటే కట్టుకున్న గుడ్డ పొడవు గురించి మెమోనా!

"నేను దించబోయినానయ్యా," అన్నారాయన ఆఖరికి. "ఒట్టు. దించడానికేటీ దొరకలేదు."

సంజాయిషీ నేనే రాశాను: "కిల్ట్ ఎగ్గట్టినది కాదు. దాని పొడవే అంత. దానిని దించినచో గౌరవము మాత్రము మిగులును గాని మరేమియు మిగలదు." నూకయ్యగారు చివరి వాక్యం చదివి ఎర్రబడ్డారు, అయినా సంతకం పెట్టారు.

జవాబు వచ్చింది. పూర్తిగా దించమని ఎవరూ కోరలేదనీ, గౌరవము మేరకు దించితే చాలుననీ, పొడవులో లోపమున్నచో సరుకు అందినప్పుడే తెలుపవలసి యుండెననీ, అయినను విషయము సున్నితమైనది గనుక ముగ్గురు సభ్యుల విచారణ సంఘము నియమించడమైనదనీ.

సంఘం కోట్లేసుకుని, గ్లౌజులు తొడుక్కుని, టేపు పట్టుకుని వచ్చింది. మమ్మల్ని వరసగా నిలబెట్టి నడుం నుంచి అంచు దాకా, అంచు నుంచి నేల దాకా కొలిచారు. కొలుస్తున్నంతసేపూ తలుపులు బార్లా తెరిచి ఉంచారు, వెలుతురు కావాలట. సంఘం అధ్యక్షులు గంభీరంగా అన్నారు: "అధికారి స్థాయిని బట్టి గౌరవము యొక్క పొడవు నిర్ణయించవలసి యున్నది."

వారి నివేదిక ఇది. కిల్ట్ పొట్టిగా ఉండుటలో ఎవరి తప్పూ లేదు. మెమో ఇచ్చుటలో కూడా తప్పు లేదు. ఇకపై ప్రతి కిల్ట్ అంచుకీ లోపల అదనపు గుడ్డ మడిచి కుట్టించి, నడుం దగ్గర తాడు అమర్చవలెను. అధికారి వచ్చినప్పుడు తాడు వదిలితే అంచు దిగవలెను. సెక్షను అధికారికి రెండంగుళాలు, డిప్యూటీ డైరెక్టరుకి నాలుగు, డైరెక్టరు వారికి పాదముల వరకు.

సంతలో దర్జీ మూడు కిల్టులకీ తాళ్ళు కుట్టాడు. కిటికీ తెరలకి కుట్టినట్టే కుట్టాడు పాపం, ఆయనకి తెలిసిన తాడు పని అదొక్కటే. రోజూ పొద్దున పది నిమిషాలు అభ్యాసం. సన్యాసి వాకిట్లో నిలబడి "డిప్టీ డైరట్రు!" అని అరిచేవాడు, మేం తాడు వదిలేవాళ్ళం. నాది ఒక వైపు దిగేది, ఒక వైపు ఇరుక్కునేది. నూకయ్యగారు మాత్రం స్కేలు పెట్టుకుని మరీ సాధన చేశారు. సరిగ్గా నాలుగంగుళాలు దిగితే "ఊఁ" అనేవారు. ఇలా మర్యాదగా నడుచుకుంటే మెమో రద్దు చేస్తారని ఆయన ఆశ.

ఆయనే ఒక సందేహం లేవదీశారు. "డైరెక్టరూ డిప్యూటీ కలిసొస్తే ఎంత దించాల? రెండూ కూడాలా?" రాసి అడిగాం. కూడితే నేల దాటి ఎంత పోవాలో లెక్క కట్టడానికి ఆ ఫైలు ఆర్థిక విభాగానికి వెళ్ళింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఫిబ్రవరి వచ్చింది. మెమో రద్దు కాలేదు. నూకయ్యగారు సర్వీసు రిజిస్టరు తియ్యడం మానేశారు. ఒక సాయంత్రం నాకు మనసాగక కూర్చుని నేరుగా డైరెక్టరుగారికే ఉత్తరం రాశాను. చలి గురించి రాయలేదు, మోకాళ్ళ గురించీ రాయలేదు. వారి మనసు ఎక్కడ కరుగుతుందో నాకు తెలుసు. "అయ్యా, మన అమ్మభాషకి తీరని అన్యాయం జరిగింది. క కింద ఉండవలసిన ఒక వత్తు మన కార్యాలయాల మధ్య నలిగి నశించింది" అని రాశాను. ఈసారి కంప్యూటరు జోలికి పోకుండా చేత్తో రాసి, వత్తుని ఎర్ర సిరాతో దిద్దాను.

వారి మనసు కరిగింది! ఫోను చేసి, గద్గదంగా మాట్లాడారు.

"సింహాద్రీ, ఒక్క వత్తు పోయిందంటే ఒక్క అవయవం పోయినట్టేనయ్యా. తక్షణం పునరుద్ధరిస్తున్నాను. మీ సూపరింటెండెంటు మెమో సంగతి కూడా ఇందులోనే సరిచేస్తాను."

ఆ మాట చెబితే నూకయ్యగారు నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "నా బంగారు తండ్రీ, బతికించినావు" అన్నారు. ఆ సాయంత్రం సన్యాసి పకోడీలు తెచ్చాడు. మెమో పోతుంది, క్విల్టులు వస్తాయి. ఇంకేం కావాలి?

వారం తిరక్కుండా సవరణ ఉత్తర్వు వచ్చింది. నేనే గట్టిగా చదివాను.

"ఇదివరలో జారీ అయిన అన్ని ఉత్తర్వులలోను, మెమోలలోను, నివేదికలలోను, స్టాకు రిజిస్టరులలోను 'కిల్ట్' అని ఉన్న ప్రతిచోట 'క్విల్ట్' అని చదువుకొనవలెను."

అంతే. కింద సంతకం.

మొదట ముగ్గురం చప్పట్లు కొట్టాం. తర్వాత నేను స్టాకు రిజిస్టరు తీసి కొత్త పద్ధతిలో చదివాను. "సిబ్బందికి క్విల్ట్‌లు మూడు సరఫరా చేయడమైనది, అందినవి." అందేశాయి. కాబట్టి ఇంక రావు. వినియోగ ధ్రువపత్రం తీశాను: సిబ్బంది పని దినాలలో క్విల్ట్ నిరంతరం ధరించాలి. సంఘం నివేదిక తీశాను: అధికారి వచ్చినప్పుడు క్విల్ట్ దించాలి.

నూకయ్యగారు ఇంక ఆగలేకపోయారు. "నా మెమో తియ్యి. సరిచేస్తానన్నారు కదా?"

తీసి చదివాను. నిజంగానే సరిచేశారు. తనిఖీ రోజున డైరెక్టరు వారి ఎదుట ఆయన తన క్విల్ట్‌ను దించలేదట. ఆ మాటతోనే అది రిజిస్టరుకెక్కింది. మెమో జారీ అయ్యాక సవరించడమే తప్ప రద్దు ఉండదని హెడ్డాఫీసు గుమాస్తా ఫోనులో చెప్పాడు, సానుభూతిగానే చెప్పాడు. పుట్టి బుద్ధెరిగాక ప్రభుత్వ క్విల్ట్ ఎలా ఉంటుందో కూడా చూడని మనిషికి, దాన్ని దించలేదని మెమో.

నూకయ్యగారు కిటికీలోంచి మిరియాల తీగలకేసి చూస్తూ ఉండిపోయారు. కొంచెం సేపటికి నవ్వడం మొదలుపెట్టారు. ఆపుదామంటే ఆగలేదు, కళ్ళంట నీళ్ళొచ్చేదాకా నవ్వారు. అందులో నవ్వెంతో ఏడుపెంతో నాకు తెలియలేదు.

మర్నాటి నుంచి మేం ప్యాంట్లు తొడుక్కున్నాం. ఉత్తర్వు ప్రకారం క్విల్టులైన ఆ కిల్టుల్ని భుజాల మీద కప్పుకున్నాం. అవి భుజాలకి చాలవు, మెడ దగ్గర కప్పితే వీపు బయట, వీపు మీదికి లాగితే మెడ బయట. కుంపటి సుఖం కూడా దానితోటే పోయింది.

ఫిబ్రవరి నెలాఖరుకి పులిగుమ్మిలో చలి ఇంకా మంకుపట్టు మీదే ఉంది. నూకయ్యగారి వీడ్కోలు సభ ఆఫీసు వాకిట్లో పెట్టాం. డైరెక్టరుగారే ముఖ్య అతిథి. సన్మానానికి శాలువా తేవాలి కదా. నేనూ సన్యాసీ మాట్లాడుకుని శాలువా మానేశాం. సుబ్బులమ్మ చేత పాత చీరలన్నీ పోగేయించి, మధ్యలో దూది కూరి, మందంగా, మంచం నిండా వచ్చేంత బొంత కుట్టించాం. మా ఊళ్ళో బొంత అంటే బొంత! సన్యాసి మోసుకొస్తుంటే వాడు కనపడలేదు, బొంతే నడిచి వస్తున్నట్టుంది.

కారు ఆగింది. డైరెక్టరుగారు దిగారు. నేనూ సన్యాసీ లేచి నిలబడి, నిబంధన ప్రకారం భుజాల మీది గళ్ళ గుడ్డల్ని దించాం. వారు తృప్తిగా తలాడించారు. తర్వాత ఉపన్యాసం. నూకయ్యగారి క్రమశిక్షణ గురించి, సంస్కారం గురించి, ఒక వత్తుని కాపాడుకున్న మన భాష గొప్పతనం గురించి చాలాసేపు మాట్లాడారు. మాట్లాడుతుంటే వారి పళ్ళు టకటకలాడుతున్నాయి.

నేను బొంత తెచ్చి నూకయ్యగారికి కప్పాను. ఆయన దాన్ని రెండు చేతులా దగ్గరికి లాక్కున్నారు. మోకాళ్ళ మీదుగా పాదాల దాకా సర్దుకున్నారు. ఆ చలికాలమంతటిలో మొదటిసారి ఆయన రెండు మోకాళ్ళూ ఒకేసారి మందంగా కప్పబడి ఉండటం చూశాను.

డైరెక్టరుగారు పూలదండ పట్టుకుని ఆయన ముందుకొచ్చి నిలబడ్డారు. దండ వెయ్యడానికి మెడ కావాలి. మెడ బొంతలో ఉంది. వారు ఆగారు. సభంతా ఆగింది.

"బావూ, దించండి," అన్నాడు సన్యాసి వెనక నుంచి గుసగుసగా. "డైరట్రు బావొచ్చినారు. దించీయండి."

నూకయ్యగారు దించలేదు. ఇంకో జానెడు పైకి లాగి, గడ్డం దాకా కప్పుకున్నారు. కూర్చున్న చోటి నుంచే, ఎంతో మర్యాదగా డైరెక్టరుగారి మొహంలోకి చూశారు.

"తమరేటీ అనుకోకండి సార్. మెమో ముందే ఇచ్చీసినారు కదా. తప్పు ఇప్పుడు చేస్తన్నాను."